కందెన గొట్టం



యతిప్రాసలూ, అర్ధానుస్వారాలూ, పాత అచ్చుపుస్తకాల ముచ్చట్లూ తప్ప మరొకటి రాయని ఈ పుటలో ఇవాళ కారు ఇంజను కథ కనబడితే దారి తప్పి వచ్చామేమో అని మీకు సందేహం కలగవచ్చు. తప్పలేదు. ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, ఈ వయసులో, చిటికెన వేలి లావైనా లేని ఒక ఇనుప గొట్టం చరిత్ర చదవవలసిన అగత్యం పట్టింది. ఆ గొట్టం విషయంలో నేనొక సలహా ఇచ్చాను. అది తప్పు సలహా. దానివల్ల మా తమ్ముడి కొడుక్కి 26,000 రూపాయలూ, పదకొండు రోజుల సంపాదనా పోయాయి.

మావాడు డీజిల్ కారు ఒకటి అప్పుచేసి కొని కిరాయికి తిప్పుకుంటున్నాడు. నిరుడు వేసవిలో ఆ బండి ఘాట్ ఎక్కలేక ఆయాసపడటం, వెనుకనుంచి నీలిపొగ వదలటం, లోపల ఎవరో ఈల వేస్తున్నట్టు సన్నని కూత పెట్టటం మొదలైంది. మెకానిక్కు చూసి టర్బో పోయిందన్నాడు. ఈ మెకానిక్కు ఒకప్పుడు నా ఎనిమిదో తరగతిలో ఆఖరి బెంచీ విద్యార్థి. కొత్త టర్బో బిగించేటప్పుడు, "మాస్టారూ, దీనికి నూనె వచ్చే పైపు కూడా మార్చేస్తే మంచిది" అన్నాడు. ఆ పైపు నా చేతిలోనే ఉంది. పైకి నిగనిగలాడుతోంది. వంకర లేదు, పగులు లేదు. ఇప్పటికే ఖర్చు తడిసి మోపెడైంది కదా అని, "బాగానే ఉందిగా నాయనా, డీజిలుతో కడిగి బిగించు" అన్నాను. గురువు మాట కాదనలేక వాడు అలాగే చేశాడు. పందొమ్మిదో రోజున కొత్త టర్బో బిగుసుకుపోయింది.

అప్పుడు ఆ గొట్టాన్ని బెంచీమీద పెట్టి, రంపంతో నిలువునా రెండు చెక్కలుగా కోయించాను. లోపలంతా మాడిన చట్టి అడుగులా నల్లటి పెచ్చు. వంపు దగ్గర మిగిలిన సందులో దబ్బనం కూడా దూరేటట్టు లేదు. మెకానిక్కు ఒక్క మాటా అనలేదు. అనకపోవటమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఇంటికి వచ్చి, ఈ గొట్టం పని ఏమిటో, ఎక్కడినుంచి వచ్చిందో మొదటినుంచీ చదవటం మొదలుపెట్టాను. అలా పోగైన సంగతులే ఈ టపా.

ముందు మాట సంగతి. లాటిన్ భాషలో 'టర్బో' అంటే సుడిగాలి అనీ, బొంగరమనీ రెండర్థాలున్నాయట. బొంగరమనే మాట ఈ యంత్రానికి చక్కగా అతుకుతుంది. ఇంజనులో కాలిన పొగ బయటికి పోతూ పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రానికి ఇరుసు, ఇరుసుకు రెండోవైపున ఇంకో చక్రం. ఈ రెండో చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజనులోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ కాల్చవచ్చు. చిన్న ఇంజనే పెద్ద ఇంజను పని చేస్తుంది. పారవేసే పొగతోనే పని చేయించుకోవటం ఇందులోని తెలివి. అయితే ఆ బొంగరం వేగం వింటే గుండె ఝల్లుమంటుంది. చిన్న కార్లలో నిమిషానికి 1,80,000 చుట్లు తిరగటం వింత కాదు. అంటే సెకనుకు 3,000. మనవాళ్లు రెప్పపాటును నిమేషమన్నారు. ఆ నిమేషంలో ఈ ఇరుసు కొన్ని వందల చుట్లు తిరిగి ఉంటుంది. ఒక కొసన ఎర్రగా కాలే లోహం, రెండో కొసన మామూలు గాలి, నడుమ ఈ ఇరుసు.

దీన్ని పట్టుకుని ఉండేది ఏమిటి? సాధారణపు టర్బోలలో లోహం లోహాన్ని తాకదు. ఇరుసుకూ, దాని చుట్టూ ఉన్న బుష్షుకూ మధ్య వెంట్రుకంత మందమైన నూనె పొర ఉంటుంది. బుష్షుకూ దాని గూటికీ మధ్య మరో పొర. ఇరుసు నూనెలో తేలుతూ తిరుగుతుంది. బుష్షు కూడా మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. ఆ నూనె జారుడు ఇవ్వటంతోపాటు వేడిని మోసుకుపోతుంది కూడా. సంస్కృతంలో నూనెకు 'స్నేహం' అని పేరు. ఇద్దరి నడుమ రాపిడి లేకుండా చేసేది కనుక ఆ పేరు ఎంత అందంగా ఉందో పాఠం చెప్పిన రోజుల్లో చెబుతుండేవాణ్ణి. ఇరుసుకూ బుష్షుకూ నడుమ స్నేహం ఒక్క క్షణం తెగిందా, రెండూ ఒకదాన్నొకటి కొరుక్కుతింటాయని నాకప్పుడు తెలియదు.

ఇక చరిత్ర. మా చిన్నప్పుడు ఎడ్లబండి కింద ఒక వెదురు గొట్టం వేలాడుతుండేది. అదే కందెన గొట్టం. అందులో ఆముదమూ, గడ్డి కాల్చిన మసీ కలిపిన ముద్ద. దూరప్రయాణమైతే నడుమ బండి ఆపి, చీల ఊడదీసి, చక్రం పక్కకు లాగి ఇరుసుకు పూసేవారు. ఇరుసు 'కీచు'మన్నదంటే మా తాతగారు బండివాణ్ణి కేకలేసేవారు. ఇక్కడ గమనించవలసింది, కందెన ఎప్పుడు వేయాలో తెలిసిన మనిషి ఒకడు బండితోపాటు ఉండేవాడు. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ మనిషిని తొలగించి, ఆ పనిని ఒక గొట్టానికి అప్పజెప్పటమే కందెన చరిత్ర అంతా అని నాకు తోస్తున్నది.

రైళ్లలో కూడా మొదట ఆ మనిషి ఉన్నాడు. అమెరికాలో రైలింజనును తరచు ఆపి, నూనె డబ్బాతో దిగి, కదిలే భాగాలకు నూనె పోయవలసివచ్చేది. ఎలైజా మెకాయ్ అనే ఆయన మిషిగన్ సెంట్రల్ రైలుమార్గంలో ఆ పనే చేశాడు. ఆయన తల్లిదండ్రులు కెంటకీలో బానిసత్వం నుంచి తప్పించుకుని కెనడా చేరినవారు. ఎడింబరోలో ఇంజినీరింగు నేర్చుకుని వచ్చినా, నల్లజాతివాడు కనుక ఆయనకు బొగ్గు వేసే పని, నూనె పోసే పని మాత్రమే ఇచ్చారు. బండి ఆపకుండా ఆవిరి సిలిండర్లకు నూనె దానంతట అదే చేరే సాధనానికి ఆయన 1872లో పేటెంటు పొందాడు. నూనె డబ్బా పట్టుకున్నవాడే నూనె డబ్బా అవసరం లేకుండా చేశాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మనిషి ఈయనే.

టర్బోకు మూలపురుషుడు స్విట్జర్లండువాడైన ఆల్ఫ్రెడ్ బ్యూఖి. 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ ఆ వేడికి నిలిచే లోహాలు, ఆ వేగానికి ఆగే చక్రాలు దొరికి, ఊహ యంత్రంగా మారటానికి ఇరవయ్యేళ్లు పట్టింది. 1920ల నడుమ జర్మనీలో కట్టిన 'ప్రాయ్‌సెన్', 'హాన్‌జెస్టాట్ డాంట్సిగ్' అనే ప్రయాణికుల ఓడలలో పది సిలిండర్ల డీజిల్ ఇంజన్ల శక్తి ఈ పద్ధతివల్ల 1,750 నుంచి 2,500 అశ్వశక్తికి పెరిగింది.

ఈలోగా మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి విమానపు ఇంజను నీరసపడుతుంది కదా. దానికి విరుగుడుగా ఫ్రాన్సులో రాతో, అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ టర్బోను పట్టుకున్నారు. మాస్ 1918లో ఒక లిబర్టీ ఇంజనును లారీమీద బిగించి, కొలరాడోలో 14,000 అడుగులు దాటిన పైక్స్ శిఖరం మీదికి ఎక్కించాడు. సముద్రమట్టంలో ఇచ్చే శక్తిని అది అక్కడ కూడా తగ్గకుండా ఇచ్చింది. ఆయనకు 1940 సంవత్సరపు కోలియర్ బహుమానం వచ్చింది.

విమానాల ప్రస్తావన వచ్చింది కనుక మన ఆముదం సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ యుద్ధకాలపు రోటరీ ఇంజన్లకు కందెన ఆముదమే. పెట్రోలులో సులువుగా కరగదు కనుక అది పనికివచ్చింది. వాడిన నూనె తిరిగి తొట్టిలోకి రాదు; గాలిలోకి చిమ్ముకుపోతుంది. వెనుక కూర్చున్న విమానచోదకులు దాన్ని పీల్చి, మింగి పడిన అవస్థలు ఆముదం తాగి పెరిగిన మన తరంవారికి విప్పి చెప్పనక్కరలేదు. 'కాస్ట్రాల్' అనే పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న 'కాస్టర్' నుంచి వచ్చినదే (1909). నల్గొండ, పాలమూరు చెలకల్లో పండే పంటకు ఇంతటి ఆకాశయానం ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. అయితే ఆముదానికో దోషం. వేడికి జిగురుగా మారి, లక్కలా అంటుకుపోతుంది. నేటి ఖనిజ తైలాలలో ఆ దోషం తగ్గింది, పోలేదు. మరీ మాడితే అవి బొగ్గవుతాయి. ఈ బొగ్గు దగ్గరికే మనం రావాలి.

ఓడలో, విద్యుత్కేంద్రంలో టర్బో ఉంటే దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఉంటాడు. నూనె ఒత్తిడి చూస్తాడు, వేడి చూస్తాడు, లెక్క రాస్తాడు. కారులో ఎవడుంటాడు? తాళంచెవి తిప్పటం తప్ప మరేమీ తెలియని నాబోటివాడు. 1962లో జనరల్ మోటార్స్ వారి రెండు కార్లు, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైరు, షెవర్లే కోర్వేరు, కొద్ది వారాల తేడాతో టర్బోతో బజారుకు వచ్చాయి. కార్లలో ఇవే తొలివి. జెట్‌ఫైరు కథ చదివి నేను నవ్వుకున్నాను, తరువాత నవ్వు ఆగిపోయింది. ఆ ఇంజనులో ఇంధనం అదను తప్పి పేలకుండా నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రావకం ఒకటి సన్నగా చల్లుతుండాలి. దానికి 'టర్బో రాకెట్ ఫ్లూయిడ్' అని పెద్ద పేరు. తొట్టి ఖాళీ అయితే యజమాని నింపుకోవాలి. నింపలేదు! చాలామంది దాని సంగతే మరిచారు. తొట్టి ఎండితే టర్బో జోరు తగ్గించే ఏర్పాటు ఉన్నా గొడవలు తప్పలేదు. పదివేలు కూడా పూర్తికాకుండా 1963తో ఆ కారు ఆగిపోయింది. చాలా కార్లకు కంపెనీయే తరువాత టర్బో ఊడదీసి మామూలు సామాను బిగించి ఇచ్చింది. కందెన మనిషి లేని బండికి ఎన్ని తెలివితేటలు అమర్చితే ఏం?

మళ్లీ 1973లో బీఎండబ్ల్యూ 2002, 1974లో పోర్షే 911, 1977లో సాబ్ 99, 1978లో మెర్సిడెస్ వారి డీజిల్ కారు. టర్బో ఇంటింటి వస్తువు కావటం ఇక్కడ మొదలైంది. దానితోపాటే మా గొట్టంలో కనిపించిన వ్యాధి కూడా. నూనెను తోసే పంపును తిప్పేది ఇంజనే. పెద్ద రోడ్డుమీద వేగంగా వచ్చి, పెట్రోలు బంకులో ఆగి, తటాలున తాళంచెవి తిప్పితే ఇంజను ఆగుతుంది, పంపు ఆగుతుంది, నూనె రావటం ఆగుతుంది. బొంగరం మాత్రం ఇంకా కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఎర్రగా కాలిన చక్రపు గూటిలోని వేడి ఇరుసు వెంట లోపలికి పాకుతుంది. అక్కడ కదలక నిలిచిపోయిన నాలుగు చుక్కల నూనె మాడి మసి అవుతుంది. ఒకసారికి ఏమీ కాదు. రోజుకు పదిసార్లు, ఏళ్ల తరబడి జరిగితే పొరమీద పొర పేరుకుంటుంది. బుష్షులోనే కాదు, టర్బో వేడి తగిలే గొట్టపు చివరిలో కూడా.

అందుకే ఆ రోజుల కార్ల పుస్తకాలలో, ఇంజను ఆపే ముందు ఒకటి రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వండి అని రాసేవారు. జపానులో ఆ పనికి ఒక చిన్న గడియారమే అమ్మారు. తాళంచెవి తీసుకుని మనిషి వెళ్లిపోయినా అది ఇంజనును కాసేపు నడిపించి ఆపుతుంది. 1980ల నడుమ టర్బో గూటి చుట్టూ నీటి అర కట్టటం వ్యాపించింది. ఇంజను ఆగినా వేడి నీరు పైకి, చల్ల నీరు కిందికి తనంతట తానే తిరిగి వేడిని లాగుతుంది. పెట్రోలు కార్లలో ఇది ఇప్పుడు మామూలే. మావాడి కారు వంటి చిన్న డీజిల్ బండ్లలో చాలావాటికి ఈ సౌకర్యం లేదు. వాటికి నూనె ఒక్కటే దిక్కు.

ఇంత చదివాక గొట్టం ఎంపిక అనేది నాకు వేరే తీరుగా కనబడింది. మెకానిక్కు షాపుకు పోయి, "ఈసారి నువ్వు చెప్పు, నేను వింటాను" అన్నాను. వాడు బెంచీమీద మూడు పెట్టాడు.

మొదటిది రాగి గొట్టం. ఊళ్లోనే వంచి చేసిచ్చినది. అందంగా ఉంది, వంచటం సులువు. కానీ రాగి నిరంతరం అదిరితే గట్టిపడి, పెళుసై, ఒకనాడు చిట్లుతుంది. కాలే టర్బోమీద నూనె చిమ్మితే నిప్పే. దాన్ని వెంటనే పక్కన పెట్టాం.

రెండోది పైన ఉక్కు తీగల అల్లిక ఉన్న మెత్తటి గొట్టం. ఇందులో రెండు జాతులున్నాయి, చూపుకు ఒక్కలాగే ఉంటాయి. లోపల రబ్బరు ఉన్నది కాగిన నూనెకు కొన్నాళ్లకు ఎండి, పొలుసులు రాలుస్తుంది. ఆ పొలుసు పోయి బుష్షు దారిలో అడ్డుపడుతుంది. లోపల టెఫ్లాను ఉన్నది మంచిది. 1938లో రాయ్ ప్లంకెట్ అనే రసాయనవేత్తకు అనుకోకుండా దొరికిన పదార్థమిది. మన ఇళ్లలో దోసె పెనానికి పూసేదే. దాదాపు 260 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అయితే బలవంతాన మడిస్తే నొక్కుకుపోతుంది. పైగా ఆ ఉక్కు అల్లిక దేనికి రాసుకుంటే దాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది. దీని మరలకు రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికా సైన్యమూ నౌకాదళమూ కలిసి పెట్టుకున్న కొలత నేటికీ వాడుకలో ఉంది. వాటి మూతి వాలు 37 డిగ్రీలు. మామూలు మోటారు సామానుది 45 డిగ్రీలు. రెండూ ఒకదానికొకటి ఎక్కినట్టే ఎక్కుతాయి, కారుతూనే ఉంటాయి. (సరళాదేశం చేయవలసినచోట గసడదవాదేశం చేసినట్టు!)

మూడోది కంపెనీవారి ఉక్కు గొట్టం, మొదటి గొట్టం ఆకారమే. వేడికి జంకదు, దాని వంపులు ఆ ఇంజనుకే కొలిచి చేసినవి, నడుమ పట్టీతో బిగిస్తే అదరదు. ధర రెండోదానికి మూడింతలు. రావటానికి నాలుగు రోజులు.

"లావైన గొట్టం వేస్తే నూనె ఎక్కువ వస్తుంది కదా?" అని అడిగాను. మెకానిక్కు నవ్వాడు. బుష్షు రకం టర్బోకు పావు అంగుళపు గొట్టం చాలునట. గుండ్ల బేరింగు రకానికైతే నూనె ఇంకా తక్కువ కావాలి. దాని దారిలో దాదాపు ఒక మిల్లీమీటరు కంత ఉన్న అడ్డుబిళ్ల కావాలనే పెడతారు. ఎక్కువైతే సీళ్లు దాటి కారి, పొగై పోతుంది. లావుగా ఉండవలసింది తిరుగుదారి గొట్టం. బుష్షు దాటిన నూనెకు ఒత్తిడి ఉండదు. నురగై, తన బరువుతో తానే కిందికి జారి తొట్టిలో పడాలి. అందుకని దానికి అంగుళంలో సగానికి పైగా వెడల్పు, తిన్నని వాలు, మెలిక లేని దారి కావాలి. రావటానికి సన్నదారి, పోవటానికి వెడల్పు దారి. ఈ మాట వాడు చెబుతుంటే నేను చేతులు కట్టుకుని విన్నాను.

మావాడు రెండోదాని వైపే మొగ్గాడు. "పెదనాన్నా, నాలుగు రోజులంటే ఎట్లా? నెల వాయిదా దగ్గరికొచ్చింది" అన్నాడు. వాడి మాట కాదనగల అర్హత నాకు లేదు. కడిగి బిగించమన్నదే నేను. టెఫ్లానుది పనికిరానిది కాదు, దాన్ని వేసుకుని లక్షణంగా తిరిగే బండ్లున్నాయి. కానీ మా షాపులో దొరికినదాని లోపల ఉన్నది టెఫ్లానో రబ్బరో చెప్పే గుర్తు ఒక్కటీ దానిమీద లేదు. అమ్మినవాణ్ణి ఫోనులో అడిగితే "అంతా ఒకటే సార్" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా సందేహం తీరింది. ఆ నెల వాయిదా నా పింఛనులోంచి కడతానని చెప్పి, మూడోది తెప్పించమన్నాను. అది దానం కాదు, బాకీ.

గొట్టం వచ్చిన రోజు నేనూ వెళ్లాను. కొలిమి బూడిదలాంటి పాత నూనె దింపి, ఫిల్టరు మార్చి, ఇంజను అడుగున చాంబరు ఊడదీసి కడిగారు. మరల కింద రాగి వాషర్లు కొత్తవి వేశారు. ఎక్కడా జిగురు పూయనివ్వలేదు మెకానిక్కు. దాని తునక ఊడితే అదే మళ్లీ అడ్డం. టర్బో నోట్లో ముందుగా కాస్త నూనె పోసి, చేతితో చక్రాన్ని తిప్పాడు. తరువాత ఇంజను అంటుకోకుండా సెల్ఫు మాత్రం కొట్టమని మావాణ్ణి కూర్చోబెట్టి, గొట్టం కొస దగ్గర నన్ను గ్లాసు పట్టుకోమన్నాడు. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి గాలిబుడగ. మూడోసారికి నూనె సన్నని ధారగా, తేనెరంగులో గ్లాసులో పడింది.

ఇది జరిగి పద్నాలుగు నెలలైంది. మావాడు ఇప్పుడు ఇంటిముందు బండి నిలిపి నిమిషం పాటు ఇంజను ఆపడు. డీజిలు దండగని మా మరదలు వాకిట్లోంచి కేకేస్తుంది, వాడు వేలు చూపించి ఆగమంటాడు. కోసిన గొట్టంలో ఒక చెక్క షాపులో తీగకు వేలాడుతోంది. పైపు కడిగి బిగించమనే గిరాకీలకు చూపించటానికట. రెండోది నా బల్లమీద, నిఘంటువు పక్కన ఉంది.